నేను మాట ఆపిన రోజు

కరీంనగర్‌లో స్కానింగ్ మొదలుపెట్టిన కొత్తలోనే నేనొక సంగతి నేర్చుకున్నాను. గర్భిణి పొట్ట మీద ప్రోబు పెట్టాక డాక్టరు నోరు మూసుకోకూడదు. పుట్టబోయేది ఆడో మగో మేం చెప్పడం నేరం కాబట్టి జనం మా మొహాలు చూసి తేల్చేసుకుంటారు. నవ్వితే మగపిల్లవాడు, ఊరుకుంటే ఆడపిల్ల. అందుకే ఎండల గురించో బస్సుల గురించో ఏదో ఒకటి వాగుతూనే ఉంటాను. నా వెనకాల మా నర్సు నన్ను రేడియో అంటుందని తెలుసు.

ఆ రోజు మాత్రం మాట ఆగిపోయింది. వాళ్లది మరమగ్గాలు నడిపే ఇల్లు. అయిదో నెల కోడలు బల్ల మీద పడుకుంది. కొంగుకు నూలు పీచు అంటుకున్న అత్త పక్కన నిలబడింది. లోపల బిడ్డ పొట్టకు, బొడ్డుతాడుకు కుడి పక్కన చిన్న రంధ్రం. అందులోంచి పేగులు బయటికొచ్చి ఉమ్మనీటిలో తేలుతున్నాయి. అలాంటిది అంతకుముందు రెండుసార్లే చూశాను. గుండె, వెన్ను, మెదడు మళ్లీ మొదటి నుంచి చూశాను. అన్నీ బాగున్నాయి.

అత్త నా మౌనం చదివేసింది.

"ఆడపిల్లేనా డాక్టరమ్మా? కానియ్యి. మాకు గా ఫికర్ లేదు. నువ్వు జర మొహం మంచిగ పెట్టు."

నవ్వూ వచ్చింది, బాధా కలిగింది. కుర్చీ వాళ్ల వైపు తిప్పి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. కోడలు ఏడవలేదు. పొట్ట మీద జెల్లు తుడుచుకోవడం మాని రెండు చేతులూ అక్కడే పెట్టుకుంది.

"తీసేయాల్నా?" అని అడిగింది అత్త.

"వద్దవ్వా. పుట్టంగనే ఆపరేషన్ చేసి పేగులు లోపల పెడతరు. కాని కాన్పు పిల్లల సర్జన్ ఉన్న పెద్ద దవాఖానలనే కావాలె. హైదరాబాద్ పోవాలె, అది గూడ నొప్పులు రాకముందే."

"తొలి కాన్పు తల్లిగారింటికాడ గావాలె గదా. వాళ్లది చెన్నూరు."

"తల్లిగారినే హైదరాబాద్ రమ్మనుండ్రి."

ఆమె కొంగుకున్న నూలు పీచు లాగి పారేసింది. "బతుకుతదా?"

"గ్యారంటీ ఎవ్వరియ్యరు. గిదే నా కడుపుల ఉంటే మాత్రం తియ్యనియ్య."

డాక్టర్లు అలా మాట్లాడకూడదంటారు. నా చూపు మీద నాకు నమ్మకం ఉంది, మాట్లాడాను. అయినా నెలలు నిండేదాకా ఫోన్ మోగినప్పుడల్లా వాళ్లేనేమో అనుకునేదాన్ని.

మరుసటి ఏడు ఆ అత్త టోకెన్ తీసుకోకుండానే లోపలికి వచ్చింది, చంకలో పిల్ల. గౌను పైకెత్తి బొడ్డు పక్కన మచ్చ చూపించింది.

"చూస్కో, నువ్వు జెప్పిన కాడనే ఉన్నది."

ఆ మచ్చ మీద వేలు పెట్టాను. పిల్ల చక్కిలిగింత పుట్టి నవ్వింది. నాకు కళ్లు నిండాయి.

"ఆడపిల్లనే," అన్నది అత్త గొప్పగా. "నేను ఆ దినమే కనిపెట్టిన."

"అవునవ్వా," అని ఒప్పేసుకుని పిల్లను ఎత్తుకున్నాను.