కడబూర వినబడని వరస

ఆదివారం తప్ప మిగతా రోజుల్లో ఆమె చేతులు ఇస్త్రీపెట్టెవే. లాండ్రీలో పొద్దుగూకేదాకా ఆవిరి పొగలో నిలబడి, బిరుసెక్కిన వేళ్లు విరుచుకుంటూ ఇల్లు చేరేది. ఆదివారం మాత్రం నల్ల శాలువా కప్పుకుని, ప్రార్థనా మందిరంలో ఎడమవైపు మొదటి వరస ఎదుట చిన్న స్టూలెక్కేది. నల్ల బట్ట మీదైతే చేతులు బాగా కనిపిస్తాయని. ఆ వరసలో కూర్చునేవాళ్లెవరికీ వినపడదు. పాస్టరుగారి ప్రసంగం ఆమె సైగల్లోంచే వాళ్లకి అందేది. ఆమెకి వాళ్లొక పేరు కూడా పెట్టుకున్నారు, చేతులక్క అని.

ఈ విద్య ఆమె ఏ బడికీ వెళ్లి నేర్చుకోలేదు. తమ్ముడికి పుట్టుకతోనే వినపడదు. వాడితో పోట్లాడటానికి నేర్చుకుంది. అన్నం దగ్గర, ఆట దగ్గర, కిటికీ పక్క మంచం ఎవరిదన్న దగ్గర. వాణ్ణి పిలవాలంటే భుజం తట్టాలి. ఈవిడ తట్టేది కాదు, గుద్దేది. ఇప్పుడు వాడు ప్రింటింగ్ ప్రెస్సులో పనిచేస్తున్నాడు, మీసాలు కూడా నెరిశాయి.

స్టూలెక్కాక ఆమెకొక పట్టుదల ఉండేది. వేదిక మీదున్నాయన ఏమంటే అదే చెప్పాలి. చప్పగా ఉందని ఉప్పెయ్యకూడదు, ఘాటుగా ఉందని నీళ్లు కలపకూడదు. తనకి గిట్టని మాటైనా మొహం చిట్లించకూడదు. సైగల్లో మొహం కూడా మాటే మరి.

ఒక ఆదివారం ప్రభువు రాకడ గురించి, అంటే ఆయన మళ్లీ భూమ్మీదికి రావడం గురించి, చెప్పడానికి పాస్టరుగారి బావగారు వచ్చారు. ఆయనా ప్రసంగీకుడే, వేరే సంఘంలో. రాకడ మాటెత్తితే ఇద్దరికీ పొసగదు.

"మా బావ లెక్కలో ప్రభువు రెండుసార్లు రావాలి" అన్నారు పాస్టరుగారు పరిచయం చేస్తూ. "ముందు లోకానికి తెలియకుండా వచ్చి తనవాళ్లని ఎత్తుకుపోతాడు. తర్వాత ఏడేళ్లు మహా శ్రమలు. ఆ పైన అందరి ఎదుటా మళ్లీ వచ్చి, సరిగ్గా వెయ్యేళ్లు ఏలాలి. ప్రయాణాలెక్కువ పెట్టాడు పాపం!"

"మా బావమరిదికి బద్ధకమండీ" అన్నారాయన మైకు అందుకుంటూ. "వెయ్యేళ్లంటే చాలాకాలం అని అర్థంలే అంటాడు. శ్రమలు రోజూ పడుతున్నవేగా అంటాడు. మొత్తం ఒక్కరోజులో తేల్చేస్తాడు!"

హాలంతా నవ్వింది. మొదటి వరస కాస్త ఆలస్యంగా, ఇంకాస్త గట్టిగా నవ్వింది.

ఆమె నమ్మకం పాస్టరుగారి పక్షమే. వాళ్ల నాన్న నేర్పింది కూడా అదే: ఒక్క రాకడ, ఒక్క రోజు, అందరి కళ్లముందు. ఆ సంగతి ఆమె చేతులు ఏనాడూ బయటపెట్టలేదు.

బావగారు మంచి మాటకారి. చెబుతూ చెబుతూ, ప్రభువు వచ్చేటప్పుడు ఊదే చివరి బూర దగ్గరికొచ్చి చెయ్యి పైకెత్తి, "కడబూర మోగుతుంది! విన్నవాళ్లు వెళ్తారు. వినని వాళ్లు ఇక్కడే ఉండిపోతారు!" అన్నారు.

ఆమె చేతులు గాల్లో ఆగాయి. ఆయన మనసుతో వినడం గురించి అంటున్నాడని ఆమెకి తెలుసు. 'సిద్ధంగా ఉన్నవాళ్లు' అని ఒక్క సైగ మార్చేస్తే అయిపోయేది. పట్టుకునేవాళ్లు కూడా లేరు. కానీ ఎదురుగా మొదటి వరసలోంచి తమ్ముడు రెప్పవెయ్యకుండా చూస్తున్నాడు. వాడి మంచికే అని ఇవాళ ఒక మాట మారిస్తే, రేపట్నుంచి ఏది అసలు మాటో వాడికెలా తెలుస్తుంది? వేలు చెవి దగ్గర పెట్టి, ఆయన అన్నది అన్నట్టే చెప్పింది.

తమ్ముడు గబుక్కున లేచి నిలబడ్డాడు. వాడి చేతులు ఏదో అడిగాయి. ఆమె ఎప్పటిలాగే వాడి మాటని తన గొంతుతో పైకి పలికింది.

"నాకు పుట్టినప్పట్నుంచీ వినపడదు. నేను ఇక్కడే ఉండిపోతానా?"

"అదేంటమ్మా, నీకు బానే వినపడుతోందిగా!" అన్నారు బావగారు.

"నేను కాదండీ. మా తమ్ముడు అడుగుతున్నాడు."

ఆయన కళ్లజోడు తీసి, మెట్లు దిగి వచ్చారు. "మాట జారాను నాయనా. నా లెక్క మార్చుకోను. ముందు ఎత్తబడటం, తర్వాతే శ్రమలు. కానీ చెవుల్లేవని నిన్ను వదిలేసే దేవుడు నా లెక్కలో లేడు."

"నా లెక్కలోనూ లేడు బావా" అన్నారు పాస్టరుగారు. "ఇన్నాళ్లకి ఒకచోట కుదిరాం."

ఆ మాటలూ ఆమె చేతుల్లోంచే అందాక, తమ్ముడు అక్క వైపు తిరిగాడు. 'వాళ్లు కాదు. నువ్వు చెప్పు.'

ఆ హాల్లో ఆమెని అలా అడిగినవాళ్లు లేరు. శాలువా తీసి మడిచి స్టూలు మీద పెట్టింది. దిగి వాడి పక్కన కూర్చుంది.

'నాన్న చెప్పిందే నేను నమ్ముతాను. ఆకాశమంతా వెలుగుతుంది. చూస్తే చాలు, వినక్కర్లేదు.'

'ఆ వచ్చినాయన చెప్పిందే నిజమైతే? నీకు వినపడుతుంది. నాకు వినపడదు.'

కాకపోవచ్చు, అవ్వనూవచ్చు. కాదని ఒట్టేసి చెప్పలేకపోయింది. 

'అయితే నీ భుజం తట్టాకే కదులుతాను. నువ్వు లేవకపోతే నేనూ లేవను.'

వాడు ఆమె మొహంకేసి చూశాడు. ఏదో సైగ చేసి, హాలు దద్దరిల్లేలా నవ్వాడు.

"ఏమంటున్నాడమ్మా?" అన్నారు బావగారు.

ఆమె లేచి, గొంతు సవరించుకుని, ఉన్నదున్నట్టు చెప్పింది.

"తట్టు గానీ, చిన్నప్పటిలా గుద్దకు."