రెండు మొనల బాణం

అవనిగడ్డలో నేను అటెండరుగా చేసిన కాలేజీలో, ఇంటర్ జాగ్రఫీ చదివే ఒక పిల్ల ఉండేది. ఏది అడిగినా "చూశానండీ" అనేది. "చదివానండీ" అనగా నేనెప్పుడూ వినలేదు. నేను బడి మెట్లెక్కినవాణ్ణి కాను. గుమ్మం దగ్గర నిలబడి, విని నేర్చుకున్నవాణ్ణి. అందుకే నాకా మాటంటే ఇష్టం.

రికార్డు పుస్తకంలో తన ఊరి పటం గీస్తూ, మురుగు కాలువ మీద వేసిన బాణానికి రెండు వైపులా మొనలు పెట్టింది. లెక్చరర్ గారు మండిపడ్డారు.

"నీళ్ళు పల్లానికే పోతాయమ్మా. నీ కాలువ పోతుందా, వస్తుందా?"

"రెండూనండీ. ఆటుకి సముద్రంలోకి పోతుంది. పోటుకి ఉప్పునీళ్ళు మా చేలోకి ఎగదన్నుకొస్తాయి. చూశానండీ."

"పుస్తకంలో ఉందా? చెరుపు. లేకపోతే సంతకం పెట్టను. పరీక్షకి కూర్చోనివ్వరు, తెలుసుగా?"

ఆ పిల్ల తన రబ్బరు తీసి ఆయన ముందు పెట్టింది.

"నేను చెరపనండీ. మీరే చెరపండి. తర్వాత మా ఊరొచ్చి ఆ నీళ్ళకి కూడా చెప్పండి."

నేను ఆగలేకపోయాను. "పుస్తకం చూసి పోటు వస్తుందా సార్?" అన్నాను.

"నువ్వెళ్ళి బెల్లు కొట్టుకోవయ్యా!"

కొట్టాను, చెవులు దిమ్మెక్కేలా. తిరిగొచ్చేసరికి ఆయన సంతకం పెట్టేశారు, బాణం జోలికి పోకుండా. ఆ పిల్ల రికార్డు తీసుకుని వెళ్ళిపోయింది. రబ్బరు మాత్రం బల్ల మీదే మిగిలింది.

అది ఇప్పటికీ నా దగ్గరుంది. ఒక్క మూల కూడా అరగలేదు.