రెండు దిక్కులా చప్పట్లు

లాక్‌డౌన్ రోజుల్లో మా తమ్ముడి భార్య బట్టలు సర్దుకున్న సంచి మీదే కూర్చుని పొద్దు గడిపేది. నిండు గర్భిణి. తొలికాన్పు పుట్టింట్లో జరగాలన్నది మా పద్ధతి. పద్ధతి సంగతి పక్కన పెట్టినా, ఆ పిల్ల పెళ్ళయి సూరత్ వచ్చి ఏడాది కూడా నిండలేదు, తెలుగు తప్ప మరో ముక్క రాదు. ఆసుపత్రిలోకి తోడెవరినీ రానివ్వడం లేదని విన్నప్పటినుంచి దానికి అన్నం సహించలేదు. "నన్ను మా అమ్మకాడికి పంపియ్యి వదినె" అన్న ఒక్క మాటే నా వెనకాల తిరుగుతూ అనేది.

నేను ఇక్కడే పుట్టి పెరిగాను. మా నాన్న కరీంనగర్ వైపునుంచి సాంచెలు నడపడానికి వచ్చి ఉండిపోయాడు. కరెంటు మగ్గాలను మేం సాంచెలంటాం. మా తమ్ముడు, మా ఆయన కూడా వాటిమీదే బతుకుతున్నారు. నేను ఇంట్లో చీరలకు రాళ్ళు అతికిస్తాను. గల్లీలో ఆడుకుంటూ నేర్చిన గుజరాతీ నాకు తెలుగంత బాగా వచ్చు.

రింగ్ రోడ్ బట్టల మార్కెట్లు మూతపడ్డాయి, సాంచెలు ఆగిపోయాయి. మా వాళ్ళందరూ ఊళ్ళకు పోతామన్నారు. పోతే మళ్ళీ రారేమోనని సాంచెల యజమానులు, శేఠ్‌లకు దిగులు. బస్సులకు అనుమతి కావాలంటే ఆఫీసుల్లో మాట చెల్లే మనిషి ఉండాలి. అలాంటి మనిషి మాకు ఒక్కడే, మేమంతా అన్న అని పిలిచేవాడు. మా కులసంఘం పెద్ద, రేపు కార్పొరేషన్ ఎన్నికల్లో నిలబడదామని చూస్తున్నవాడు. మొగుడూ పెళ్ళాల పంచాయితీకి కూర్చుంటే మొగుడిదీ నిజమే, పెళ్ళాందీ నిజమే అనేవాడు. ఇద్దరూ దండం పెట్టి ఇంటికెళ్ళి మళ్ళీ కొట్టుకునేవాళ్ళు. అది మంచితనమనే అనుకునేదాన్ని.

సంఘం భవనం ముందున్న ఖాళీ జాగాలో మీటింగు పెట్టాడు. ఒక పక్క కుర్చీల్లో శేఠ్‌లు, ఇవతల నేల మీద మేము, అందరి ముక్కులకూ మాస్కులు. వద్దన్నా వినకుండా మరదలు నా చెయ్యి పట్టుకుని వచ్చింది. బస్సు మాట తన చెవులతో వినాలట.

అన్న మాస్కు గడ్డం కిందికి లాగి, మైకు పట్టుకుని మా వైపు తిరిగాడు. "ఊరికి పోవుడు మీ హక్కు. బస్సులు నేను పెట్టిపిస్త. అడ్డమొచ్చినోని సంగతి నేను జూసుకుంట" అన్నాడు. జాగా అంతా చప్పట్లు. మరదలు కళ్ళు తుడుచుకుంటూ కొట్టింది.

తర్వాత అదే నవ్వుతో శేఠ్‌ల వైపు తిరిగి గుజరాతీలో మొదలుపెట్టాడు. వీళ్ళు నా పిల్లలు, నా మాట దాటరు, ఒక్కడు కూడా ఊరు కదలడు, సాంచెలు తెరిచిన పొద్దున మీ గేటు ముందు నిలబెట్టే పూచీ నాది, బస్సుల మాట మీరు మర్చిపోండి అన్నాడు. శేఠ్‌లు చప్పట్లు కొట్టారు. వాళ్ళు కొట్టడం చూసి, మన ప్రయాణానికి ఒప్పుకున్నారు కాబోలని మా ఆడవాళ్ళూ, కొత్తగా వచ్చిన కుర్రాళ్ళూ ఇంకా గట్టిగా కొట్టారు. గుజరాతీ వచ్చిన మగవాళ్ళు మాత్రం తలలు దించుకుని కొట్టారు. మన పెద్దమనిషి మాట్లాడితే చప్పట్లు కొట్టడం మర్యాద కదా. వాళ్ళలో మా ఆయన ఒకడు.

"ఏమన్నడు వదినె?" అని అడిగింది మరదలు.

నేను లేచి నిలబడ్డాను. ఆయన గుజరాతీలో అన్నది మా వాళ్ళకు తెలుగులో చెప్పాను. తెలుగులో అన్నది శేఠ్‌లకు గుజరాతీలో చెప్పాను. రెండు పక్కలా తలలు అన్న వైపు తిరిగాయి. ఈ గోడ మీది పిల్లి పని ఇవాళ్టితో సరి అనుకున్నాను.

అన్న తొణకలేదు. "చెల్లె చెప్పింది గూడ నిజమే. నేను ఇద్దరి మంచి కోరెటోన్ని" అన్నాడు. ఆ ముక్కే గుజరాతీలోనూ అన్నాడు. రెండు దిక్కులా చప్పట్లు మోగాయి. దొంగను పట్టిస్తే దొంగ మెడలో దండ వేసినట్టయింది. ఒక్కరికైనా కోపం రాలేదేమిటన్నది నాకిప్పటికీ మింగుడుపడదు.

ఇంటికొచ్చి మా ఆయన్ను నిలదీశాను. ఆయన గోడకేసి చూస్తూ, "రేపు పని మొదలైతే మన దిక్కు మాట్లాడెటోడు ఇంకెవడున్నడే?" అన్నాడు. మన దిక్కు అట.

బస్సు రాలేదు. నొప్పులొస్తే అంబులెన్సు వచ్చింది. ఆసుపత్రి గేటు దగ్గర నన్నూ తమ్ముణ్ణీ ఆపేశారు. మరదలు ఒక్కతే లోపలికి పోతూ, తలుపు మూసేదాకా వెనక్కి తిరిగి చూస్తూనే ఉంది. ఆడపిల్ల పుట్టింది, ఇద్దరూ క్షేమం. బయటికొచ్చాక అది ముందు బిడ్డ సంగతి చెప్పలేదు. "నర్సమ్మ ఏందో జెప్తనే ఉన్నది వదినె. తిడుతున్నదో, బతిలాడుతున్నదో తెల్వలె" అంది. నేను ఏడ్చేశాను. అది ఏడవలేదు.

పురుడు కడిగిన నాటినుంచి మాట నేర్పమని పక్కింటి గుజరాతీ అక్క వెంట పడింది. కూరగాయల బండి దగ్గర, నీళ్ళ దగ్గర, తప్పో ఒప్పో మాట్లాడుతూనే ఉండేది. పిల్ల బోర్లా పడేసరికి బేరాలాడేంత వచ్చేసింది.

ఎన్నికలు వచ్చాయి. అన్న మా గుమ్మంలోకి వచ్చాడు, పక్కన ఆనాడు కుర్చీలో కూర్చున్న శేఠ్ ఒకడు. మరదలు చంకలో పిల్లతో ఎదురెళ్ళింది.

"నీ ఓటు ఈ అన్నకే గద చెల్లె" అన్నాడు.

"నీకే అన్నా. ఇంకెవలకేస్త?" అంది నవ్వుతూ. ఆయన చేతులు జోడించాడు.

అదే నవ్వుతో అది శేఠ్ వైపు తిరిగి, గుజరాతీలో, "ఈయనకు మా ఇంట్లో ఒక్క ఓటు కూడా పడదు శేఠ్. బస్సు వస్తుందని చెప్పి నన్ను సంచి మీద కూర్చోబెట్టాడు" అంది.

వెనక మా ఆయన తలుపు పట్టుకుని నిలబడిపోయాడు. అన్న నోరు తెరిచాడు. చెల్లె చెప్పింది గూడ నిజమే అంటాడని చూశాను. అనలేదు. పక్కింటి తలుపు కొట్టకుండానే మెట్లు దిగిపోయాడు.