మొగం చూపించి పో

పలకను తడిగుడ్డతో తుడిస్తే ఒక వాసన వస్తుంది. మట్టివాసన కాదు, వానకు తడిసిన రాతి వాసన. నిన్న మధ్యాహ్నం మా మనవరాలు వసారాలో కూర్చుని 'అ' రాసి తుడిచి, మళ్లీ రాసి తుడుస్తుంటే ఆ వాసన నా మంచం దాకా వచ్చింది. ఎవరికైనా దానితో బడి గుర్తుకొస్తుంది. నాకు గురవమ్మక్క గుర్తుకొస్తుంది. మీరు ఆమెను చూసి ఉండరు, పేరు విని కూడా ఉండరు. మార్కాపురం బయట పలకరాతి గుంతల దగ్గర పిచ్చయ్య మేస్త్రి భార్యగా బతికిన మనిషి. నా పక్కింటావిడ.

నేను కురిచేడు నుంచి కాపురానికి వచ్చిననాటికి మాది మద్రాసు ప్రెసిడెన్సీలో కర్నూలు జిల్లా. రాయి తవ్వి వదిలేసిన గుంతలు ఊరి బయట చాలా ఉండేవి. ఎండాకాలమంతా బిందెలు పట్టుకుని నీళ్లకోసం తిరిగిన ఊళ్లో నాలుగు వానలు పడేసరికి అవి నిండేవి. ఒక్కచోట అన్ని నీళ్లు చూసేసరికి మగవాళ్లకు మతి పోయేది. ఈత వచ్చినవాడూ రానివాడూ గట్టు మీది నుంచి దూకేవాళ్లే. పలకరాయి పొరలు పొరలుగా ఉంటుంది, తడిస్తే పొర జారుతుంది. ఆ సంగతి ఊళ్లో అందరికీ తెలుసు. తెలిసే దూకేవాళ్లు. ఎవడైనా మునిగితే "పడినాడూ" అని కేక లేచేది. గుంతల్లో పనిచేసేవాళ్లు సుత్తులు అక్కడే పడేసి, మోకుతాడు తీసుకుని పరుగెత్తేవాళ్లు. ముందు పిచ్చయ్య మేస్త్రి, వెనకే మా ఆయన. వాళ్లనెవరూ ఆ పనికి పెట్టలేదు. ఈత వచ్చిన పాపానికి అది వాళ్ల నెత్తిన పడింది.

కేక వినగానే మేము ఆడవాళ్లం గడపల్లో నిలబడేవాళ్లం. గుంత దగ్గరికి మమ్మల్ని రానిచ్చేవాళ్లు కాదు. పొయ్యి మీద కూడు మాడుతున్నా లోపలికి పోబుద్ధయ్యేది కాదు. గురవమ్మక్క మాత్రం గడపలో కూర్చుని, ఒళ్లో చింతపండు పెట్టుకుని గింజలు తీసేది. ఎంత గుండె ధైర్యమో అనుకునేదాన్ని. ఒకసారి దగ్గరగా చూస్తే, తీసిన గింజలనే మళ్లీ పండులో కలిపేస్తోంది.

ఆమె పెట్టిన ఆనవాయితీ ఒకటుంది. బతికి బయటపడినవాడు మర్నాడు పొద్దున్నే, తనకోసం నీళ్లలో దిగిన ప్రతి ఒక్కరి ఇంటికీ వెళ్లి ఆ ఇంటి ఆడవాళ్లకు మొగం చూపించాలి. దండాలు అక్కర్లేదు, కొబ్బరికాయలు అక్కర్లేదు. తప్పించుకు తిరిగేవాణ్ణి మేస్త్రే భుజం పట్టుకుని తీసుకొచ్చేవాడు.

నేను మొదట చూసింది ఒక బండి తోలే మనిషిని. బోండాల పందేనికి దూకి మునిగాడు. తువ్వాలు తలమీదుగా కప్పుకుని ఆమె ఇంటి ముందు నిలబడ్డాడు.

"ఏందన్నా, తువ్వాల తీయి. సగం మొగం నాకెందుకు?" అంది గురవమ్మక్క.

"తప్పయిపోయింది వదినా."

"తప్పు సంగతి నేనడగలే. నిన్న నీకోసం దిగినోళ్లల్లో ఈయమ్మి మొగుడు గూడ ఉన్నాడు. ఈయమ్మి కాపరానికొచ్చి ఎన్నాళ్లో కాలే. ఈయమ్మికి గూడ చూపించి పో."

అతను నా వైపు చూసి తల దించుకున్నాడు. అతనికంటే నాకే సిగ్గేసింది. గురవమ్మక్క అతనికి మజ్జిగ ఇచ్చి పంపించింది. నాకు ఒళ్లు మండి, "రెండు తగిలించక ఇదేం శిక్షక్కా?" అన్నాను.

"శిక్ష గాదు సుబ్బులూ. దూకేటప్పుడు వానికి నీళ్లే కనపడతాయి. ఇంకోసారి మనం గూడ కనపడాల."

అందరూ మారిపోయారని చెప్పను. మళ్లీ దూకి మళ్లీ మొగం చూపించిన మహానుభావుడూ ఉన్నాడు. అతనికి రెండోసారీ మజ్జిగ దొరికింది.

ఒక ఏడు గిద్దలూరు వైపు నుంచి పెళ్లికి వచ్చిన కుర్రకారు గుంత చూడటానికి పోయారు. అందులో ఒకడు, పక్కవాళ్లు చప్పట్లు కొడుతుంటే, అన్నిటికంటే ఎత్తయిన గట్టెక్కి దూకాడు. పైకి తేలలేదు. మేస్త్రి దిగి, వాణ్ణి వెతికి పట్టి, మోకు దాకా తోసి అందించాడు. వాణ్ణి పైకి లాగుతుంటే చూడటానికి జనం గట్టు మీద ఎగబడ్డారు. ఆ తొక్కిడికి పొర జారి నేరుగా మేస్త్రి మీద పడింది. మా ఆయన మునిగి మునిగి వెతికి, చివరికి శవాన్ని తెచ్చాడు. ఇంటికి మోసుకొచ్చేసరికి గురవమ్మక్క ఒళ్లో చింతపండు అట్లాగే ఉంది.

ఆ కుర్రవాణ్ణి వాళ్లవాళ్లు ఆ సాయంత్రమే బండెక్కించి తీసుకుపోయారు. కర్మలయ్యాక ఒక బండి నిండా జొన్నలు పంపించారు. గురవమ్మక్క దించనివ్వలేదు.

"జొన్నలు మా చేలో గూడ పండుతాయి. పిల్లోని మొగం పంపించమను," అంది బండివాడితో.

కొన్నాళ్లకు ఆ కుర్రవాడు మేనమామను వెంటబెట్టుకుని వచ్చాడు. ఇరవై ఏళ్లు కూడా ఉండవు. ఆమె తిట్టే తిట్లు వినడానికి ఊరంతా పోగయింది. నిజం చెప్పాలంటే, తిడితే బాగుండునని నేనూ కోరుకున్నాను. ఆమె అతన్ని వెలుతురులోకి రమ్మంది.

"నీ పేరేంది నాయనా?"

"కేశవులు," అని బావురుమన్నాడు.

"ఏడవబాక. ఏడిస్తే మొగం తెలియడంలే."

అతను కళ్లు తుడుచుకుని నిలబడ్డాడు. ఆమె చాలాసేపు చూసింది.

"మా ఆయన ఆఖరున చూసింది ఈ మొగమే. నేను గూడ చూడాల గదా. ఇంక పో. మజ్జిగ తాగి పో."

ఆ మజ్జిగ ఇచ్చింది నేనే. చెంబు అతని మొగాన కొట్టాలనిపించింది. ఇచ్చాను.

మరుసటి వానలకు మళ్లీ కేక లేచింది. ఇప్పుడు ముందు పోవలసింది మా ఆయన. గడప దాటబోతుంటే చేయి పట్టుకున్నాను. "ఎవడో ఒళ్లు కొవ్వెక్కి దూకితే నువ్వు చావాలా? పోవద్దు," అన్నాను. ఆయన విడిపించుకోలేదు. పక్కింట్లో నుంచి గురవమ్మక్క వచ్చింది. బొట్టు లేని ఆ మొగాన్ని చూసి, నా పక్షానే మాట్లాడుతుందనుకున్నాను. ఆమె భుజం మీద మోకు ఉంది.

"చేయి వదులు సుబ్బులూ."

"నీకు జరిగింది చాలదా అక్కా?"

"చాలు. వాని ఇంట్లో గూడ ఎవతో ఒకతి గడపలో నిలబడి ఉంటది. వదులు. వాని మొగం రేపు చూద్దాం."

వదిలాను. ఆయన మోకు తీసుకుని పరుగెత్తాడు. గురవమ్మక్క నా పక్కన కూర్చుని తన చింతపండులో సగం తీసి నా ఒళ్లో పెట్టింది. ఆయన తిరిగి వచ్చేదాకా ఇద్దరం గింజలు తీస్తూనే ఉన్నాం. ఆ రోజు వచ్చాడు. ఆ తర్వాత పోయిన ప్రతిసారీ వచ్చాడు. అది నా అదృష్టమే గాని, నా గొప్ప కాదు.

గురవమ్మక్క పోయి చాలా కాలమైంది. పందేనికి ఎవడో వాగులో దిగాడని, కొండెక్కి చిక్కుకున్నాడని వింటే ఇప్పటికీ నాకు ముందు కోపమే వస్తుంది. ఆ కోపం తప్పని ఆమె ఎప్పుడూ అనలేదు. నిన్న ఆ పలక వాసనకు కూడా, ఆనాడు ఆయన చేయిని పట్టుకున్నట్టే, నా కుడిచేయి మంచంపట్టెను గట్టిగా పట్టుకుంది. పట్టుకున్నట్టు నాకు తెలిసేలోపే వేళ్లు వాటంతటవే విడిపోయాయి.