వెన్నబామ్మకు సన్మానం

కుర్రతనంలో మనిషికి తెలియని విషయమంటూ ఉండదు. నాకైతే ఆ రోజుల్లో మరీ ఎక్కువ తెలుసు. ఒంటారియోలోని గ్వెల్ఫ్‌లో చదువు ముగించి, ఊరి చివర ఉన్న పాత వ్యవసాయ పనిముట్ల మ్యూజియంలో వాలంటీర్లను చూసుకునే ఉద్యోగంలో చేరాను. జీతం తీసుకునేది నేను, పని చేసేది మిగతా అందరూ. (ఈ ఏర్పాటు న్యాయమేనా అని ఎవరూ అడగలేదు, నేనూ గుర్తు చేయలేదు.) జీతగాడు పనిలో కునికితే కసురుకోవచ్చు. ఊరికే వచ్చి చేసిపెట్టే పెద్దమనిషి నాగలి పక్కన కుర్చీ వేసుకుని గురకపెడితే ఏం చేయాలి? దుప్పటి కప్పాలి. నా ఉద్యోగంలో సగం అదే.

ఆ వాలంటీర్లందరిలోకీ మహారాణి వెన్నబామ్మ, ఆ ఊళ్ళోనే పుట్టి పెరిగిన తెల్లావిడ. ఆ పేరు నేను నాలో నేను పెట్టుకున్నది. ప్రతి మంగళవారం బడిపిల్లలు బస్సు దిగగానే, చెక్కపీపాలో మీగడ పోసి, తనంత పొడవున్న కవ్వంతో చిలికి, వెన్న తీసి, బిస్కట్ల మీద రాసి పెట్టేది. ఆమె కవ్వం ఎత్తిందంటే ఒంటారియో మొత్తం ఊపిరి బిగబట్టేది. పిల్లలంతా ఆమెకు భయపడేవాళ్ళు, నాతో సహా. భర్త పోయాక వారంలో ఆమెకు మిగిలిన రోజు ఆ మంగళవారం ఒక్కటేనని అప్పటికి నాకు తెలియదు.

డిసెంబరులో వాలంటీర్ల విందు వచ్చింది. మా ట్రాక్టర్ల గదిని చూసుకునే వాలంటీరు, గుంటూరు నుంచి వచ్చి ఇక్కడే రిటైరైన డాక్టర్ అంకుల్, నన్ను పక్కకు పిలిచారు.

“ఏమయ్యా, ఆవిడ ఇన్నేళ్ళుగా చేస్తోంది కదా, ఒక్క శాలువా కప్పావా?”

“ఇక్కడ కప్పరనుకుంటా అంకుల్.”

“కప్పకపోబట్టే ఇలా చలికి వణుకుతున్నారు. మా బీరువా నిండా ఉన్నాయి, అన్నీ నాకు కప్పినవే. ఒక్కటీ మడత విప్పలేదు, పట్టుకుపో!”

దండ కోసం పూలదుకాణానికి వెళ్ళాను. అక్కడి అమ్మాయి కొలత రాసుకుని, గొంతు తగ్గించి, “పోయింది మీకు బాగా దగ్గరవాళ్ళా?” అని అడిగింది. అప్పుడైనా నాకు వెలగాలి. వెలగలేదు.

హాలు మధ్య ఎత్తు కుర్చీలో బామ్మను కూర్చోబెట్టాం. ఎర్ర జరీ శాలువా కప్పాం. దండ వేశాం. “ఈమె సేవలను ఈ సంస్థ ఎన్నటికీ మరువదు” అని మొదలుపెట్టి, డాక్టర్ అంకుల్ ఉత్తర ధ్రువంలో మంచు కరిగేంతసేపు ఇంగ్లీషులో మాట్లాడారు. బామ్మ ముఖం తెల్లగా పాలిపోయింది. కళ్ళు తుడుచుకుంది. ఆనందబాష్పాలనుకున్నాను. వెళ్తూ నా చెయ్యి పట్టుకుని, “ఇన్నాళ్ళూ చాలా బాగుండింది” అని, మంచులోకి నడిచి వెళ్ళిపోయింది.

తర్వాతి మంగళవారం బస్సు వచ్చింది, బామ్మ రాలేదు. ఫోన్ చేశాను. “పర్వాలేదు నాయనా, వయసులో ఉన్నవాళ్ళను ఎవరినో చూసుకునే ఉంటావు” అని మెత్తగా అని పెట్టేసింది. నా గుండె పీపాలోకి జారింది. కవ్వం నేనే పట్టుకున్నాను. మీగడ నా ముఖానికీ, పిల్లల జుట్టుకూ, పైకప్పుకూ సమానంగా అందింది. వెన్న మాత్రం రాలేదు. “వేర్ ఈజ్ ద బటర్ లేడీ?” అని ఒక పిల్ల నన్ను నిలదీసింది.

మధ్యాహ్నం డాక్టర్ అంకుల్‌ను వెంటబెట్టుకుని బామ్మ ఇంటికి పరుగెత్తాను. టీ ఇచ్చింది. మేము అడగకుండానే చెప్పింది.

“ఈ ఊళ్ళో మనిషిని అంతగా పొగిడేది రెండుసార్లే. పని మాన్పించేటప్పుడు, పాతిపెట్టేటప్పుడు. నేనింకా బతికే ఉన్నాను కాబట్టి మొదటిదే అనుకున్నాను.”

డాక్టర్ అంకుల్ టీ కప్పు కింద పెట్టేశారు. “అయ్యో, కాదండీ! మా వైపు శాలువా కప్పామంటే, వచ్చే ఏడూ మీరే చెయ్యాలని!”

“మీరు చాలా మంచివాళ్ళు” అంది బామ్మ. నమ్మలేదని అర్థం. నేనూ పొగడడం అందుకున్నాను. మీవంటివారు లేరన్నాను, మీ చేతిలో ఏదో ఉందన్నాను. పొగిడేకొద్దీ ఆమె కుర్చీలో ఇంకా చిన్నదైపోయింది. చివరికి పొగడ్తలన్నీ అయిపోయి, దిక్కుతోచక, “ఆ పీపా వాసనేస్తోందండీ” అన్నాను.

“ఏం వాసన?”

“పొద్దున మీగడ పోశాను కదా, అలాగే...”

“కడగలేదూ?” బామ్మ లేచి నిలబడింది. “హీటరు గదిలో? పొద్దుటి నుంచి? చెక్కకు పులుపెక్కితే ఇంకెందుకు, పొయ్యిలో పెట్టుకోవడానికా? ఒక్క మంగళవారం! ఒక్కటంటే ఒక్క మంగళవారం మిమ్మల్ని నమ్మి వదిలితే...” అంటూనే కోటు తొడుక్కుంది, బూట్లు వేసుకుంది, మాకంటే ముందు కారెక్కి కూర్చుంది.

దారి పొడుగునా తిట్లే. ఎర్ర దీపం దగ్గర ఆమె కాస్త ఊపిరి తీసుకోబోతే, వెనక సీట్లోంచి డాక్టర్ అంకుల్ నా చెవిలో తెలుగులో గొణిగారు: “ఆపకయ్యా, ఇంకా ఏమేం పాడుచేశావో చెప్పు!”

చెప్పాను. చేయనివి కూడా చేశానని చెప్పాను.

ఆ తర్వాత బామ్మ ఎన్నో మంగళవారాలు చిలికింది, ఎన్నోసార్లు తిట్టింది. ఇప్పుడు ఆమె లేదు, డాక్టర్ అంకులూ లేరు. నేను రిచ్‌మండ్ హిల్‌లో జుట్టుకు రంగేసుకుంటూ కాలం గడుపుతున్నాను. ఎప్పుడైనా గ్వెల్ఫ్ వైపు కారులో వెళ్తుంటే, టై బిగించుకుని, మంచులో పూలదండ పట్టుకుని, ప్రపంచాన్ని ఉద్ధరించబోతున్నట్టు నడిచిపోయే ఒక కుర్రవాడు నా కళ్ళకు కడతాడు. కారాపి, “వద్దురా అబ్బాయ్” అని చెబుదామనిపిస్తుంది. చెప్పను. వాడు ఆగిపోతే, అంత ప్రేమగా వాణ్ణి ఎవరు తిడతారు?