మా బావమరిది రాక్ బృందమూ, మామగారి గిత్తా

మా బృందం పోస్టర్ మీద ఎప్పుడూ ఐదుగురే ఉండేవాళ్లు. కాకపోతే ఏ రెండు పోస్టర్ల మీదా అదే ఐదుగురు ఉన్న గుర్తు లేదు. మొదటినుంచీ మారనివాళ్లం ఇద్దరమే, నేనూ మా బావమరిదీ. అతను మారకపోవడానికి కారణం పట్టుదల. నేను మారకపోవడానికి కారణం అతని అక్క, అంటే మా ఆవిడ.

ఎనభైల్లో నేను ఒంగోలులో గుమాస్తాగా పనిచేసేవాణ్ణి. రోజూ డైరీ రాసుకోవడం, శనివారం భజనలో హార్మోనియం వాయించడం తప్ప వేరే వ్యసనాలు లేవు. మా బావమరిది గుంటూరుకు డిగ్రీ చదవడానికి వెళ్లి, డిగ్రీ తప్ప మిగతావన్నీ శ్రద్ధగా నేర్చుకుని, ఒక గిటారుతో పర్చూరు దగ్గరున్న వాళ్ల ఊరికి తిరిగొచ్చాడు.

"బావా, మనం పెట్టేది ఆర్కెస్ట్రా కాదు. మెలోడీ రాక్ బ్యాండు. సినిమా పాటలు ముట్టుకోం. మన పాటలే మనం వాయిస్తాం" అన్నాడు.

"మన పాటలు ఎన్నున్నాయి?"

"ఒకటుంది."

ఆ ఒక్కటీ పత్తిచేను మీద వెన్నెల గురించి. మంచి పాటే, నేను అబద్ధమాడను. అయితే మాటలు మొదలవడానికి ముందు గిటారు ఒక్కటే చాలాసేపు మోగుతుంది. వెన్నెల మెల్లగా పరుచుకోవాలట. జనానికి వెన్నెల కోసం అంత ఓపిక ఉండేది కాదు. కాబట్టి పాటలో మాటలున్న సంగతి బయటి ప్రపంచానికి చాలాకాలం తెలియలేదు.

సాధన మా మామగారి మిరపకాయల కొట్టులో. అంతకన్నా మంచి చోటు గాయకుడికి దొరకదు. తలుపు తీయగానే దగ్గు, పల్లవికి ముక్కు కారడం, చరణానికి కన్నీళ్లు. మా మొదటి గాయకుణ్ణి చూసి పనివాళ్లు, "పాటలో ఎంత లీనమైపోతాడో పాపం" అనుకునేవారు. అతను నిజంగానే లీనమైపోయాడు, గుంటూరులో సినిమా పాటలు పాడే ఒక ఆర్కెస్ట్రాలో. రెండో గాయకుడు పత్తి తీతలకని ఇంటికి వెళ్లి తిరిగి రాలేదు. మూడో అతనికి ఉద్యోగం వచ్చింది. ఇక డ్రమ్ముల వాడిది పొదిలి వైపు ఊరు. మంచి చెయ్యి. కానీ పొగాకు ఆరబెట్టే కొట్టం, అదే బ్యారన్, వెలిగించే రోజులు రాగానే, మంట చూసుకోవాలని వాళ్ల నాన్న కబురు పెట్టేవాడు. ఆకు పండటానికి పెట్టే శ్రద్ధలో సగం తాళానికి పెట్టినా మేం ఎక్కడో ఉండేవాళ్లం. బృందాలు అభిప్రాయభేదాలతో విడిపోతాయని పత్రికల్లో చదివేవాణ్ణి. మా బృందం మాత్రం పంటలను బట్టి విడిపోయేది.

మా మామగారు పాతకాలపు రైతు. మిరప, పొగాకు వేసేవారు. ఆయన ప్రాణమంతా ఒక జత ఒంగోలు గిత్తల మీద. వాటి కొమ్ములకు ఆయన పూసిన నూనెలో సగం కొడుకు తలకు పూసి ఉంటే, వాడికీ బుద్ధి వచ్చేదని మా అత్తగారి వాదన. ఒక రోజు ఆయన కొట్టు గుమ్మంలో నిలబడి పాట విన్నారు. ఎంతసేపు వినాలో అంతసేపూ విన్నారు. తర్వాత అన్నారు:

"ఒరేయ్, ఈ ఏటి మిరపకాయలు కల్లంలోంచి మూటకెత్తేదాకా నీకు గడువు. ఒక్కసారి, ఎక్కడన్నా సరే, జనం లేవకుండా, గోల చెయ్యకుండా నీ పాట ఆఖరుదాకా విన్నారా, ఇక నీ జోలికి రాను. వినలేదా, గిటారు అటక మీద, నువ్వు చేలో. మాటంటే మాటే."

"మాటే నాన్నా" అన్నాడు మావాడు, ఎంతో తేలిగ్గా.

ఆ తర్వాత ఒంగోలులో ఒక పెళ్లిలో ప్రయత్నించాం. గిటారు మోగుతుండగానే పెళ్లికొడుకు పెదనాన్న వేదిక దగ్గరికొచ్చి, "మైకు టెస్టింగు అయిపోయిందా బాబూ? ఇక పాట మొదలెట్టండి" అన్నాడు, చాలా మర్యాదగా. పొదిలిలో అంత మర్యాద కూడా లేదు. "ఏదన్నా సినిమా పాట ఎయ్యండెహే!" అని అరిచారు. వేశాం. ఆ రోజు మావాడు వాయించిన సినిమా పాటకు ఈలలు వేశారు. అతను బస్సులో కిటికీ వైపు తిరిగి, ఒంగోలు దాకా గిటారు తీగలు వదులు చేస్తూ కూర్చున్నాడు. అప్పటికి కల్లంలో మిరపకాయలు ఎండటం మొదలైంది.

చివరి అవకాశం తిరునాళ్లకు పెట్టే ఎడ్ల పందేలు. ఒక జత బండ లాగి వెళ్లాక మరో జత కట్టేలోపు జనం విసుక్కోకుండా ఏదో ఒకటి వాయించాలని కమిటీవాళ్లు మమ్మల్ని పిలిచారు. మెలోడీ రాక్ చరిత్రలో అంతటి గౌరవం మరెవరికీ దక్కి ఉండదు. ఆ విరామాలు ఎంతసేపుంటాయో నేను ముందే గమనించాను. మా పాటకు చాలవు. ఆ మాట చెబితే మావాడు, "వాయిద్దాం బావా, చూద్దాం" అన్నాడు. గాయకుడు లేడు కాబట్టి పాడేదీ అతనే. డ్రమ్ములకు పెళ్లి మేళం నుంచి ఒకతన్ని అడిగి తెచ్చుకున్నాం.

మధ్యాహ్నం మామగారి జత బరిలోకి దిగింది. బండ సగం దూరం చక్కగా కదిలింది. అక్కడ ఎడమవైపు గిత్త ఆగింది, అటూ ఇటూ చూసింది, నింపాదిగా కూర్చుంది. కొట్టకూడదని షరతు. గడువు పూర్తయ్యేదాకా వేరే జత దిగకూడదని మరో షరతు. మామగారు బతిమాలారు, తోక పట్టుకున్నారు. గిత్త నెమరు వేసింది. అప్పటిదాకా మైకులో అరుస్తున్న కమిటీ పెద్దకు గొంతు పోయింది.

"ఏదో ఒకటి వాయించండయ్యా!" అన్నట్టు మాకు చేత్తో సైగ చేశాడు.

మావాడు నా హార్మోనియం వైపు తిరిగి, "బావా, శ్రుతి" అన్నాడు. వెన్నెల మొదలైంది, మిట్టమధ్యాహ్నం.

ఒక్కడు లేవలేదు. ఒక్కడు అరవలేదు. గిత్త లేస్తుందా లేవదా అని ఊరూరి జనం ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. గిటారు అయింది, పల్లవి అయింది, చరణాలు రెండూ అయ్యాయి. చివరి తీగ మోత సద్దుమణిగింది. గిత్త లేచి, ఒళ్లు దులుపుకుని, రెండడుగులు వేసింది. గడువైపోయిందని విజిల్ ఊదారు. జనం చప్పట్లతో హోరెత్తించారు. ఎవరికో నేను చెప్పలేను.

పక్క ఊరి రైతు ఒకాయన, మామగారి పాత పోటీదారు, అందరూ వినేలా అడిగాడు: "ఏం బావా, గిత్తకి దాణా మానేశావా? ముసలిదయినట్టుంది. దుక్కికన్నా పనికొస్తదంటే చెప్పు, కొనుక్కుంటా!"

మామగారి ముఖం చూశాను. జనం చూసింది గిత్తనే, పాట వినలేదు అని ఆయన అంటే కొడుకు చేలోకి వస్తాడు. కానీ గిత్త చేవలేక కూలబడిందని ఊళ్లన్నీ చెప్పుకుంటాయి. ఆయన గిత్త మెడ నిమిరారు. కొడుకు వైపు చూశారు. మళ్లీ గిత్త వైపు చూశారు.

"దాణా సంగతి కాదురా. నా గిత్త బండకి జడిసి కూర్చోలా. మావాడి పాట వింటా కూర్చుంది. ఇంత జనం నోరు మూసుకుని విన్నారే, మూగజీవం వినదా? పాట అవగానే లేచిందా లేదా?"

తిరిగి వచ్చేటప్పుడు బండిలో నేను అడగవలసింది అడిగాను. "మామగారూ, అయితే జనం ఆఖరుదాకా విన్నట్టే కదండీ?"

ఆయన గిత్తల పగ్గాలు సర్దుతూ, "అల్లుడుగారూ, మీరు ఆఫీసులో కూడా ఇంతేనా?" అన్నారు. మావాడు గిటారును ఒళ్లో పెట్టుకుని, నవ్వు కనబడకుండా తల వంచుకున్నాడు.

మామగారు మాట తప్పలేదు. ఆ ఏడు మిరపకాయలు కూలివాళ్లతోనే మూటకెత్తించారు. ఎడ్ల పందేలవాళ్లు మాత్రం మమ్మల్ని మళ్లీ పిలవలేదు. తమ జతలు కూడా కూర్చుంటాయేమోనని రైతుల భయం. కానీ పెళ్లిళ్లకు పిలుపులు పెరిగాయి. "ఎద్దు విన్న పాట" కావాలని అడిగి మరీ పిలిచేవారు. డ్రమ్ముల వాళ్లు ఎప్పటిలాగే మారుతూ వచ్చారు.

వీలైన ప్రతిచోటికీ మామగారు వచ్చి ముందు వరసలో కూర్చునేవారు. గిటారు ఒక్కటే మోగే ఆ మొదటి భాగంలో ఎవరైనా లేవబోతే, వెనక్కి తిరిగి కేకవేసేవారు:

"ఏరా, ఎక్కడికి? కూర్చో! ఎద్దుకున్నపాటి ఓపిక లేదా నీకు?"