వెదురు గేటు దగ్గర ఎర్లిండా

హోండురాస్ కొండల్లో నది మీద ఆనకట్ట కట్టే కంపెనీ లారీలు రాకుండా ఊరివాళ్లు దారికడ్డంగా వెదురు గేటు పెట్టారు. రోజూ తెల్లారేసరికి ఎర్లిండా అక్కడుంటుంది. అరవై ఏళ్ల పొట్టి మనిషి. వాచిన కుడి మోకాలు చాపుకుని, మొక్కజొన్న రొట్టె ఉప్పులో అద్దుకుని, ఎవరి వంకా చూడకుండా నములుతుంది. నది కోసం నోరెత్తిన తమ్ముణ్ణి రెండేళ్ల కిందట ఎవరో వాకిట్లోనే కాల్చి చంపారు. అప్పటినుంచి ఆమె నోట మంచి మాట విన్నవాళ్లు లేరు. ఊరికి తోడుగా, సాక్షులుగా ఉండడానికి పరాయి దేశాల నుంచి వంతులవారీగా వచ్చేవాళ్లన్నా ఆమెకు గిట్టదు. ఈ నెల వచ్చిన మార్గిట్ అనే ముసలి టీచరమ్మను, "నీళ్లు మొయ్యలేవు, పొయ్యి రాజెయ్యలేవు. కూచుని మమ్మల్ని చూడ్డానికి విమానమెక్కి రావాలా తల్లీ?" అని రోజూ దులిపేస్తుంది.

మంగళవారం సైనికులొచ్చారు. వాళ్ల అధికారి మార్గిట్ కెమెరా లాక్కుని నేలకేసి కొట్టాడు. ఎర్లిండా వైపు తిరిగి, "ఈ పరాయి దేశపుది వచ్చే వారం వెళ్లిపోతుంది. అప్పుడు నిన్నెవరు కాస్తారే ముసల్దానా?" అన్నాడు. మార్గిట్ చిన్న పుస్తకం తీసి, అతని చొక్కా మీదున్న పేరు రాసుకోసాగింది. అతను ఆమె మీదికి వచ్చాడు. ఎర్లిండా కుంటుకుంటూ వచ్చి మధ్యలో నిలబడింది.

"నిదానంగా రాయి, టీచరమ్మా. నా తమ్ముణ్ణి చంపినవాడి పేరు ఎవరూ రాసిపెట్టలేదు. వీడిది ఒక్క అక్షరం కూడా పోకూడదు."

అధికారి తనకు తెలియకుండానే అరచేత్తో పేరు కప్పుకున్నాడు. ఆ చెయ్యి తియ్యకుండానే వెళ్లి జీపెక్కాడు.